పాత నాణేలు గుర్తుపట్టడం – 4వ పాఠం: చార్మినార్ రూపాయిని ఆన్‌లైన్‌లో సరిచూడటం

కిందటి పాఠంలో బొమ్మ, బొరుసు, అంచు – ఈ మూడింటినీ ఫొటో తీయడం నేర్చుకున్నాం. ఇప్పుడు ఆ ఫొటోలతో పని పడింది. ఈ పాఠానికి నమూనా నిజాం హాలీ సిక్కా (హైదరాబాద్ సంస్థానం సొంత నాణెం), అందులోనూ చార్మినార్ బొమ్మ ఉన్న వెండి రూపాయి. తెలంగాణ ఇళ్లలో పాత పెట్టెల్లో ఎక్కువగా దొరికేదీ ఇదే, అమ్మకానికి వచ్చే నకిలీల్లో తరచూ కనిపించేదీ ఇదే.

ఒక మాట ముందే చెప్పుకోవాలి. ఒకే సైటు చూసి నాణెం తేల్చేద్దామనుకుంటే కుదరదు. ఒకటి బరువు చెబుతుంది, ఒకటి అక్షరం తేడా చూపిస్తుంది, ఒకటి ధర చెబుతుంది. ఏ ప్రశ్న ఎక్కడ అడగాలో తెలియడమే ఇందులో సగం విద్య.

ముందు తేదీ చదవండి

సైట్లు తెరవకముందే తేదీ చదవాలి. చార్మినార్ ఉన్న వైపు హిజ్రీ సంవత్సరం, రెండో వైపు నిజాం పాలన ఎన్నో ఏడో ఉంటాయి. నాణెం మీది పర్షియన్ లిపి కుడి నుంచి ఎడమకు నడిచినా అంకెలు మాత్రం మనలాగే ఎడమ నుంచి కుడికి చదవాలి. ఒకటి నిలువు గీత. రెండుకు ఆ గీత తలమీద కుడివైపు ఒక వంపు, మూడుకు అదే చోట రెండు వంపులు. సున్నా అంటే చుక్క. ఏడు పైకి తెరుచుకున్న కోణం, ఎనిమిది దాన్ని బోర్లించినట్టు ఉంటుంది. కొత్తవాళ్లు బోల్తా పడేది ఇక్కడే: నాణెం తలకిందులుగా పట్టుకుంటే ఏడు ఎనిమిదవుతుంది, ఎనిమిది ఏడవుతుంది. చార్మినార్ మినార్లు పైకి ఉండేలా పెట్టుకున్నాకే అంకెల జోలికి వెళ్లండి. 92 అనే అంకె కనిపిస్తే అది సంవత్సరం కాదు. ఒక్కో అక్షరానికి ఒక్కో అంకె కట్టే అబ్జద్ లెక్కలో 'ముహమ్మద్' పేరుకు వచ్చే విలువ అది.

హిజ్రీని ఇంగ్లిషు సంవత్సరంలోకి మార్చాలంటే 0.97తో గుణించి 622 కలపాలి. 1330 అయితే 1290.1కి 622 కలిపి 1912. ఏడాది అటూ ఇటూ కావచ్చు గానీ మనకు ఇంతమాత్రం చాలు.

తర్వాత తలుపు చూడండి. చార్మినార్ మధ్య ద్వారంలో ఒకే ఒక్క అక్షరం ఉంటుంది. చిన్న గుండ్రటి తల, దానికి తోక ఉంటే 'మీం', అంటే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ నాణెం. కుడివైపు తెరుచుకున్న వంపులు ఉంటే 'అయిన్', అంటే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌ది. మహబూబ్ 1911 ఆగస్టులో, హిజ్రీ 1329లో చనిపోయాడు. ఉస్మాన్ పాలన ఏళ్ల లెక్క అక్కడి నుంచే మొదలు. కాబట్టి ఉస్మాన్ నాణెం మీది హిజ్రీ సంవత్సరంలోంచి 1329 తీసేస్తే వచ్చే అంకె గానీ, దానికి ఒకటి కలిపితే వచ్చేది గానీ రెండో వైపు ఉండాలి. 1337కి 8 లేదా 9. ఆ పక్కన 3 ఉంటే ముందు మీరు చదివింది సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. అనుమానం నాణెం మీద ఆ తర్వాత.

నుమిస్టా: బరువు, నంబరు

నుమిస్టా అనే నాణేల జాబితా సైటులో వెతకడం ఉచితం. దేశాల వరుసలో నేరుగా ఇండియాలోకి వెళ్లకండి. సంస్థానాల కింద హైదరాబాద్‌ను ఎంచుకుని, విలువ దగ్గర రూపాయి పెట్టండి. ప్రతి రకానికీ బరువు, లోహం, వ్యాసం ఉంటాయి. కె.ఎం. అని మొదలయ్యే నంబరు కూడా ఉంటుంది. అది క్రౌజ్-మిష్లర్ జాబితా నంబరు, వేలంపాటల్లో అందరూ వాడేది అదే. చార్మినార్ రూపాయి 11.178 గ్రాములు, 0.818 పాళ్లు వెండి. బ్రిటిష్ రూపాయి అయితే 11.66 గ్రాములు, సరిగ్గా తులం. హాలీ రూపాయి తులానికి అర గ్రాము తక్కువని గుర్తు పెట్టుకోండి.

1330 నాటి రూపాయిల్లో ద్వారంలో అయిన్ తల మాత్రమే ఉన్నవి ఒక రకం, కింది పెద్ద వంపు కూడా ఉన్నవి ఇంకో రకం. జాబితాల్లో మొదటిది 53, రెండోది 53ఎ. నుమిస్టా పేజీలో ఫొటో సాధారణంగా ఏదో ఒక ఏడాది నాణేనిదే. మీ నాణెం మీద అంకెలు అందులో లేవని కంగారు పడక్కర్లేదు. ఆ వివరాలు పెట్టేది సభ్యులే కాబట్టి అక్కడక్కడ తప్పులూ దొర్లుతాయి.

అక్షరం తేడా తేలకపోతే జెనో అనే సైటుకి వెళ్లండి. తూర్పు దేశాల నాణేల ఫొటోల భాండారం అది, చూడ్డానికి పాతకాలపు సైటులా ఉంటుంది. ఒకే రకం నాణేనికి పలువురు పెట్టిన ఫొటోలు దొరుకుతాయి గనుక నాణెం కొట్టిన అచ్చుల్లో తేడాలు అక్కడే బాగా తెలుస్తాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత మ్యూజియం జాబితాలు చదువుకోవడానికి బంగారం లాంటివే. కానీ స్కాన్లలో నాణేల బొమ్మలు నల్లటి మచ్చల్లా ఉంటాయి, పోల్చడానికి పనికిరావు.

నీటి తూకం

బరువు ఒక్కటే సరిపోయిందని సంబరపడొద్దు. నకిలీ చేసేవాడి దగ్గరా తక్కెడ ఉంటుంది. సాంద్రత చూడాలి. 0.01 గ్రాము చూపించే చిన్న డిజిటల్ తక్కెడ, గాజు గ్లాసు, కుట్టు దారం ఉంటే చాలు.

ముందు నాణేన్ని పొడిగా తూచి రాసుకోండి. గ్లాసులో నీళ్లు పోసి తక్కెడ మీద పెట్టి అంకెను సున్నా చేయండి. నాణేన్ని దారంతో కట్టి, గ్లాసు అడుక్కీ గోడలకీ తగలకుండా పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. అప్పుడు కనిపించే అంకె నాణెం పక్కకు నెట్టిన నీటి బరువు. పొడి బరువును దాంతో భాగించాలి. అసలు చార్మినార్ రూపాయికి 1.10 దగ్గర చూపిస్తుంది, భాగిస్తే 10.1, 10.2 మధ్య వస్తుంది. వెండి పూత వేసిన ఇత్తడి అయితే 1.31 దాకా పోతుంది, సాంద్రత 8.5 దగ్గర ఆగుతుంది. తేడా అంత పెద్దది కాబట్టి 0.01 అటూ ఇటూ అయినా మోసం దాగదు.

తప్పు ఎక్కువగా బుడగల వల్ల వస్తుంది. చార్మినార్ సందుల్లో గాలి ఇరుక్కుంటే నీటి అంకె పెరిగి, మంచి నాణెం కూడా తేలికైనదిగా కనిపిస్తుంది. నీళ్లలో ఒక్క చుక్క గిన్నెలు తోమే సబ్బు కలిపి, నాణేన్ని ఓసారి కదిలించి మళ్లీ చూడండి. మెడలో దండకు గుచ్చుకున్న రూపాయిలకు కొక్కెం అతికించిన చోట టంకం మిగిలి ఉంటుంది, దానివల్లా లెక్క కాస్త మారుతుంది. టంకం మచ్చ ఉంటే ధర ఎలాగూ తగ్గుతుంది. గీకి తీసేస్తే ఇంకా తగ్గుతుంది.

చేతిలో లేని నాణేన్ని నీళ్లలో ముంచలేం కదా. అప్పుడు అమ్మేవాళ్లను రెండు ఫొటోలు అడగండి: నాణెం తక్కెడ మీద ఉన్నది ఒకటి, అంచు దగ్గరగా తీసింది ఒకటి. పోత పోసిన నకిలీకి అంచు చుట్టూ సన్నటి అతుకు గీత ఉంటుంది, లేదా దాన్ని ఆకురాయితో రాసిన గుర్తులుంటాయి. గంట్లు ఒక్కోచోట మొద్దుబారి ఉంటాయి. వచ్చిన ఫొటోను గూగుల్ లెన్స్‌లో వేయండి. అదే గీతలు, అదే మచ్చలతో ఏ పాత వేలం పేజీలోనో కనిపిస్తే ఆ నాణెం ఈ మనిషి దగ్గర లేనట్టే.

ధర

అడిగే ధర వేరు, అమ్ముడైన ధర వేరు. ప్రకటనల్లో కనిపించే లక్షలు అడిగే ధరలే, వాటిని లెక్కలోకి తీసుకోకండి. మన దేశంలోని నాణేల వేలం సంస్థలు చాలావరకు ముగిసిన వేలాల ఫలితాలను తమ సైట్లలోనే ఉంచుతాయి. ఏసీసెర్చ్ అనే సైటులో విదేశీ వేలాల ఫొటోలు ఉచితం, ధరలు చూడాలంటే మాత్రం చందా కట్టాలి. అలాంటిదే ఇంకో సైటు కాయిన్ ఆర్కైవ్స్ ఉచిత విభాగంలో ఇటీవలి అమ్మకాలే ఉంటాయి. మీ నాణెం ఎంత అరిగిందో అంతే అరిగినవి కనీసం ఐదు అమ్మకాలు పట్టుకోండి. అన్నిటికన్నా ఎక్కువ పలికిన రెండు ధరలూ కొట్టేసి, మిగిలినవాటిలో మధ్యది తీసుకోండి. సుత్తి పడిన ధర (వేలంలో ఆఖరి పాట) మీద కొనుగోలుదారు కమిషన్, పన్ను అదనం.

మీ నాణేన్ని లక్షలకు కొంటామని, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు పంపమని అడిగేవాళ్లుంటారు. ఇలాంటి వాటిని నమ్మొద్దని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్నవాళ్లకు తేదీ చదవడం ఇంకో రకంగానూ అవసరం. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు. దాన్ని దేశం దాటించే హక్కు కేంద్ర ప్రభుత్వానికి, అది అధికారమిచ్చిన సంస్థకు తప్ప ఎవరికీ లేదు. మీం ఉన్న రూపాయిలన్నీ ఎప్పుడో ఆ గీత దాటేశాయి. అయిన్ ఉన్నవాటికి హిజ్రీ సంవత్సరాన్ని బట్టి లెక్క వేసి చూడండి. హైదరాబాద్ నుంచి డాలస్‌కు కొరియర్‌లో పంపుతామనే అమ్మకందారు మిమ్మల్నే ఇరికిస్తాడు. అక్కడే ఉన్న పాత సేకరణల నుంచి, రసీదుతో కొనుక్కోండి.

అభ్యాసం

ద్వారంలో మీం. చార్మినార్ వైపు 1337, రెండో వైపు 8. పొడి బరువు 11.02 గ్రాములు, నీటిలో 1.24. ఈ నాణెంలో ఎన్ని తప్పులున్నాయో, లోహం ఏమై ఉంటుందో కాగితం మీద రాసిపెట్టుకోండి. జవాబు 5వ పాఠం మొదట్లో.