రోజూ జరిగేవాటి నుంచే నాయకత్వం నేర్చుకోవడం ఎలా

అనుభవమే గురువు అని అందరం అంటాం గానీ, ఇరవై ఏళ్ల సర్వీసు ఉన్నా మొదటి ఏడాది చేసిన పొరపాటే ఇంకా చేస్తూ ఉండే మేనేజర్లని మీరూ చూసే ఉంటారు. ఏదైనా జరిగినంత మాత్రాన మనకి ఏమీ రాదు, దాన్ని పట్టుకుని కాసేపు కూర్చోవాలి. రోజుకి పది నిమిషాలు, ఒక నోట్‌బుక్, అంతే.

ముందు ఏ సంఘటన ఎంచుకోవాలో చూద్దాం. జరిగిన ప్రతిదానికీ ఒక నీతి తగిలించి పోస్టు పెట్టేవాళ్లున్నారు కదా, ఆ దారి మాత్రం పట్టకండి. అనుకున్నదొకటీ అయినదొకటీ అయిన చోటు వెతకండి, లేదా ఒళ్లు మండిన చోటు. రోజుకి ఒక్కటి చాలు, ఏమీ లేని రోజు వదిలేయండి.

ఒకటి తీసుకుందాం. పొద్దున్నే ఆలస్యమైపోతోంది, ఆరేళ్ల పాప గుమ్మం దగ్గర కూర్చుని షూ లేసు కట్టుకుంటోంది. ఒక మడత వేసింది, రెండోది వేలికి చిక్కుకుని ఊడిపోయింది, మళ్లీ మొదలెట్టింది. మీరు టైం చూసుకుని "ఇటివ్వు" అని వంగి చిటికెలో ముడి వేసేశారు. పాప ఏమీ అనలేదు. మర్నాడు మాత్రం లేసు ముట్టుకోకుండా కాలు మీ ముందుకి చాపింది. ఇప్పుడు ఆఫీసులో జూనియర్ పంపిన రిపోర్టుని రాత్రి కూర్చుని మీరే తిరగరాసిన సంగతి గుర్తు చేసుకోండి, ఆ తర్వాత నుంచి అతను అరకొర డ్రాఫ్టులు పంపుతుంటే "బాధ్యత లేదు" అని విసుక్కుంటున్నారు కదా, అక్కడ కూడా కాలు చాపడం నేర్పింది మీరే.

ఇలాంటిది దొరికాక ఏం రాయాలి? అమెరికా సైన్యం 1970లలో శిక్షణ కోసం ఆఫ్టర్ యాక్షన్ రివ్యూ అనే పద్ధతి తెచ్చింది, దాని సారం నాలుగు ప్రశ్నలు: ఏం జరగాలనుకున్నాం, నిజానికి ఏం జరిగింది, తేడా ఎందుకొచ్చింది, ఈసారి ఏం చేద్దాం. తప్పెవరిదో తేల్చడానికి కాదు అనేది అందులో ముఖ్యమైన షరతు. ఒక్కో ప్రశ్నకి రెండు లైన్లు రాస్తే సరిపోతుంది, కానీ అదే రోజు రాయాలి. హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త అర్థం లేని అక్షరాలు బట్టీపట్టి, ఎంతసేపటికి ఎంత మర్చిపోతున్నాడో తన మీదే పరీక్షించుకుని 1885లో ఫలితాలు అచ్చు వేశాడు, మరుపు ఎక్కువ భాగం మొదటి రోజులోనే జరిగిపోతోందని తేలింది. అనుభవాలు అక్షరాల్లా పూర్తిగా పోవులెండి, కానీ ఎవరు ఏ మాట అన్నారు, మీరు ఏ గొంతుతో బదులిచ్చారు లాంటివే ముందు పోతాయి. మనకి కావాల్సింది సరిగ్గా అవే.

మొదటి ప్రశ్న తేలిగ్గా కనిపిస్తుంది గానీ మోసం చేసేది అదే. ఫలితం తెలిశాక "ఇలా అవుతుందని నాకు ముందే తెలుసు" అనిపించడం మనసుకి అలవాటు, బారుక్ ఫిష్‌హాఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1975లోనే ప్రయోగాలతో చూపించాడు. అందుకని ముఖ్యమైన మీటింగో కష్టమైన సంభాషణో ఉంటే ముందే ఒక్క లైను రాసుకోండి: "ఆమె గడువు పెంచమంటుంది, నేను ఒప్పుకోను, కాస్త బాధపడుతుంది." సాయంత్రం దాన్ని చూస్తే మీ అంచనాలు ఎక్కడ తప్పుతున్నాయో మీ చేతిరాతలోనే కనిపిస్తుంది. నా మటుకు ఈ మొత్తం పద్ధతిలో అన్నిటికన్నా పనికొచ్చేది ఈ ఒక్క లైనే.

"ఎందుకు" దగ్గర కూడా జాగ్రత్త. ఎదుటివాడు ఆలస్యమైతే బద్ధకం, మనం ఆలస్యమైతే ట్రాఫిక్. మనిషి గుణం గురించి రాసిన ప్రతి మాటనీ కొట్టేసి పరిస్థితి గురించి రాయండి. "పాప నెమ్మది" కొట్టేస్తే "పది నిమిషాలు ముందు లేపలేదు" అనేది బయటపడుతుంది, దాన్నయితే రేపు మార్చొచ్చు.

ఇక "ఈసారి ఏం చేద్దాం" దగ్గర చాలామంది "ఓపిగ్గా ఉంటాను" అని రాసి నోట్‌బుక్ మూసేస్తారు. దానివల్ల ఏమీ మారదు. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పరిశోధనల్లో బాగా పనిచేసిన రూపం "ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను". కాబట్టి ఇలా రాయండి: జూనియర్ డ్రాఫ్టు నచ్చకపోతే, నేను ఒక్క వాక్యం కూడా దిద్దకుండా, ఏం మారాలో మూడు చోట్ల కామెంటు పెట్టి తిప్పి పంపుతాను. మొదట్లో టైం ఎక్కువే పడుతుంది, అందుకే గడువు నెత్తి మీదున్న పనితో మొదలుపెట్టకండి.

వారానికోసారి అవతలి మనిషిని కూడా అడగండి. "నా ఫీడ్‌బ్యాక్ ఎలా ఉంది" అంటే "బాగుంది సార్" అనే వస్తుంది. "మొన్నటి రిపోర్టులో నేను ఏం చేసి ఉంటే నీకు పని తేలికయ్యేది?" అని ఒకే సంఘటన గురించి అడిగి, చెప్పింది రాసుకుని థాంక్స్ చెప్పండి. అక్కడే సమర్థించుకోవడం మొదలెట్టారో, మళ్లీ నిజం చెప్పరు.

రాసేశాక రాత్రి రెండింటికి కూడా అదే తిప్పితిప్పి ఆలోచిస్తుంటే అది నేర్చుకోవడం కాదు, టెన్షన్. నాలుగో ప్రశ్నకి జవాబు రాగానే పేజీ తిప్పేయండి.

నెలాఖరుకి మొత్తం తిరగేసి చూడండి. ఒకే నిర్ణయం మూడుసార్లు రాసి మూడుసార్లూ చెయ్యలేదంటే అది మరీ పెద్దదని అర్థం, సగానికి కోసి మళ్లీ రాయండి: మూడు కామెంట్లు కష్టమైతే ఒక్కటి.