పస్కా పండుగకు తెలుగు వంటిల్లు సిద్ధం చేసుకోవడం

తెలుగే ఇంటి భాష అయిన యూదు కుటుంబాలు గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో ఉన్నాయి కనుక, ఐగుప్తు (ఈజిప్టు) బానిసత్వం నుంచి యూదుల విడుదలను స్మరించే పస్కా ఏర్పాట్లను మన వంటింటి సరుకులతోనే వివరించడం సమంజసమని నా నమ్మకం. యూదుల పంచాంగంలోని నీసాను నెల 14వ తేదీ సూర్యాస్తమయంతో మొదలయ్యే ఈ పండుగ ఇజ్రాయెల్‌లో 7 రోజులు, వెలుపల సంప్రదాయం ప్రకారం 8 రోజులు సాగుతుంది. చాలా ఏళ్లలో ఉగాది వెళ్లిన పక్షం రోజులకే వస్తుంది.

ముందుగా హామెత్స్‌ను, అంటే గోధుమ, బార్లీ, రై, ఓట్స్ వంటి ధాన్యాల పిండి తడిసి పులిసిన పదార్థాలను, ఇంట్లోంచి తొలగించాలి. బ్రెడ్డు, బిస్కెట్లు, సేమియా వెంటనే గుర్తుకొస్తాయి గాని పోపుల పెట్టెలోని ఇంగువ ఎవరికీ తట్టదు. బజారు ఇంగువలో తరచుగా గోధుమ పిండి కలుపుతారు కాబట్టి డబ్బా మీది వివరాలు చదవండి. మాల్ట్ పానీయాల పొడులూ అంతే. బియ్యం, పప్పుల సంగతి వేరు: అష్కెనాజీ (మధ్య, తూర్పు ఐరోపా మూలాల యూదుల) ఆచారం వాటిని విడిచిపెట్టమంటుంది, సెఫార్దీలలో (స్పెయిన్, పోర్చుగల్ మూలాల యూదులలో) చాలామంది బియ్యాన్ని శ్రద్ధగా ఏరుకొని తింటారు. మీ ఇంటి ఆచారమేదో పెద్దలను ముందే అడగండి. పండుగ ముందు రాత్రి కొవ్వొత్తి వెలుగులో ఇల్లంతా వెతికి, దొరికినదాన్ని మర్నాటి ఉదయం కాల్చివేయాలి.

పండుగలో తినే పులియని రొట్టె మత్సాకు మామూలు పుల్కా సాటిరాదు: తడి తగలకుండా కాపాడిన పిండిలో నీళ్లు కలిపాక 18 నిమిషాల్లోపు కాల్చడం పూర్తికావాలి.

పండుగ ఆరంభ విందు జరిగే సేదెర్ రాత్రి చేదు ఆకులు, ఉప్పునీళ్లు, నాలుగు గిన్నెల ద్రాక్షరసం సిద్ధంగా ఉంచండి. ప్రతి తరంలోనూ ప్రతి మనిషీ ఐగుప్తు నుంచి తానే బయటికి వచ్చినట్టు భావించాలని ఆ విందులో చదివే హగ్గదా గ్రంథం చెబుతుంది. అందుకే హీబ్రూ పాఠం చదివాక, పిల్లలు అడిగే నాలుగు ప్రశ్నలకు తెలుగులోనే, తొందరపడకుండా జవాబు చెప్పండి.