ఒక గది నేల మాత్రం వేడెక్కకపోతే

ఇల్లు వెచ్చగా ఉండటానికి వాటర్ హీటర్ నీళ్లు నేల కింద పైపుల్లో తిరుగుతున్నా ఒక గది చల్లగానే ఉండేది. పైపులు తడిమి చూశాను: ఆ గదికి వెళ్లేది వేడిగా, తిరిగొచ్చేది చల్లగా ఉంది. లోపల గాలి చిక్కుకుని నీళ్లు కదలడం లేదన్నమాట. మిగతా లూపుల (ఒక్కో గది నేల కింద తిరిగే పైపు చుట్ల) వాల్వులు మూసి, ఆ గది లూపులోకే ఒత్తిడితో నీళ్లు వదిలి, బుడగలు ఆగేదాకా బయటికి పోనిచ్చాను. కాంక్రీటు కదా, వెచ్చబడటానికి గంటలు పట్టింది.

పనిలో పనిగా హీట్ ఎక్స్ఛేంజర్ పెట్టించాను; ఇది రెండు నీళ్లనూ కలవనివ్వకుండా వేడిని మాత్రమే ఒకదాని నుంచి ఇంకోదానికి అందిస్తుంది. నా దృష్టిలో అసలు ముఖ్యం ఇదే. ఇంట్లో వాడుకునే నీళ్లు, నేల కింది పైపుల్లోని నీళ్లు కలవకూడదు. నిలిచిన గోరువెచ్చని నీళ్లలో న్యుమోనియా తెచ్చే లెజియొనెల్లా బాక్టీరియా పెరుగుతుంది. ఇప్పుడు హీటర్ ట్యాంకు 60 డిగ్రీల దగ్గర ఉంటుంది, వేడి నీళ్లలో చల్లటివి కలిపే మిక్సింగ్ వాల్వు నేలకు 40 డిగ్రీలే పంపుతుంది. వేరుపడ్డ లూపుకి సొంత ఎక్స్‌పాన్షన్ ట్యాంకు (వేడెక్కి వ్యాకోచించే నీళ్లకు చోటిచ్చేది) కూడా బిగించాం.