ఆన్‌లైన్‌లో పాత పార్కర్ 51 కొనేముందు

నెల్లూరులోనో ఒంగోలులోనో కూర్చుని ఎక్కడో ఉన్న అమ్మకందారు దగ్గర పాత పార్కర్ 51 ఫౌంటెన్ పెన్ను కొనేటప్పుడు ఫోటోలే మనకు ఆధారం. నా మటుకు నాకు, పూర్తి నకిలీల కంటే అతుకుల పెన్నులతోనే ఎక్కువ టెన్షన్. అంటే మూత ఒకదానిది, బ్యారెల్ (పెన్ను వెనక గొట్టం) ఇంకోదానిది.

సమస్య: మూత క్లిప్పు మీద నీలం వజ్రం ఆకారపు గుర్తు ఉంది. బ్యారెల్ విప్పితే లోపల నొక్కే పట్టీ ఉన్న లోహపు గొట్టం కనిపిస్తోంది.

కారణం: ఈ పెన్ను 1941లో అమ్మకానికి వచ్చినప్పుడు సిరా నింపేది వెనక బటన్ నొక్కే వాక్యుమాటిక్ పద్ధతిలో. పట్టీ నొక్కే ఏరోమెట్రిక్ 1948లో వచ్చింది. నీలం వజ్రం క్లిప్పులు వాక్యుమాటిక్ కాలానివి. కాబట్టి దాదాపు ఖాయంగా మూత మారింది.

పరిష్కారం: డబ్బు కట్టకముందే బ్యారెల్ విప్పిన ఫోటో అడగండి. రాసుకోవడానికి పెన్ను బాగానే పనికొస్తుంది, కానీ ఒరిజినల్ ధర ఇవ్వకండి.

సమస్య: 51 అన్నారు, పాళీ కొన మాత్రం బంగారు రంగులో కాక తెల్లగా ఉంది.

కారణం: ఇక్కడ తొందరపడి నకిలీ అనేయకూడదు. 1950 నుంచి వచ్చిన 51 స్పెషల్‌కి బంగారం కాదు, తెల్లటి మిశ్రమలోహపు పాళీయే. చవక రకమైన పార్కర్ 21కీ అంతే. పైగా దాని ప్లాస్టిక్ తేలిగ్గా పగులుతుంది. మూడోది, చాలామంది స్కూలు జేబులో తిరిగిన చైనా పెన్ను హీరో 616. దాని ఆకారం 51దే.

పరిష్కారం: 14 క్యారెట్ల ముద్ర చూపించమని అడిగి లాభం లేదు, పాళీ దాదాపు మొత్తం హుడ్ (పాళీని కప్పే తొడుగు) కిందే దాక్కుంటుంది. హుడ్ విప్పమనకండి, అలవాటు లేని చేతిలో విరుగుతుంది. ఏరోమెట్రిక్ అయితే లోపలి గొట్టం మీద పార్కర్ పేరు, సిరా నింపే పద్ధతి చెక్కి ఉంటాయి. ఆ అక్షరాలు చదవగలిగేంత దగ్గరి ఫోటో అడగండి. అమ్మకందారు నాన్చితే వదిలేయండి.

సమస్య: "సాలిడ్ గోల్డ్ క్యాప్" అని రాశారు, మూత మీద 1/10 అని ముద్ర ఉంది.

కారణం: అది గోల్డ్ ఫిల్డ్, పైన బంగారు పొర మాత్రమే. బంగారం లెక్కన బేరం ఆడకండి.

సమస్య: పాత ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్ను (మన రాజమండ్రి రత్నం పెన్నులూ ఈ రకమే) కొత్తదానిలా నల్లగా మెరుస్తోంది, దాని మీద చెక్కిన పేరు మాత్రం అరిగిపోయింది.

కారణం: నల్ల ఎబొనైట్ వెలుతురుకు గోధుమ రంగుకు తిరుగుతుంది. మన ఎండల్లో కిటికీ పక్కన పెడితే చెప్పనే అక్కర్లేదు. ఆ రంగు పోగొట్టడానికి గట్టిగా పాలిష్ పట్టి ఉంటారు, లేదా నలుపు వేసి ఉంటారు.

పరిష్కారం: పక్కనుంచి వెలుతురు పడేలా అక్షరాలను ఫోటో తీయమనండి. లోతు లేకపోతే ధర తగ్గాల్సిందే.

పార్సిల్ వచ్చాక విప్పేటప్పుడే వీడియో తీయండి. ఇవన్నీ చూసుకునేదాకా సిరా పోయకండి, సిరా పడిన పెన్నును వెనక్కి తీసుకోం అని చాలామంది అమ్మకందారులు పేచీ పెడతారు.