జామాయిల్ చెట్టు కింది ముద్ద: డీఎన్ఏ పరీక్ష ఎక్కడ తప్పుతుంది?

ముసురు వెలిశాక గుంటూరు వైపు జామాయిల్ తోటల్లో చెట్టు మొదట్లో మట్టి ఉబ్బినట్టుంటే తవ్వి చూడండి. ఉల్లిపాయంత గోధుమరంగు ముద్ద దొరకొచ్చు. కోస్తే నల్లటి తారులో బఠాణీలు పొదిగినట్టుంటే అది పిసోలిథస్ అనే శిలీంధ్రం. మట్టిలో పెరిగే ఖరీదైన శిలీంధ్రం ట్రఫుల్ కాదు గానీ, దానిలాగే చెట్టు వేరుతో పొత్తు పెట్టుకుని బతుకుతుంది. చూపుకి జాతులన్నీ ఒకలాగే ఉంటాయి కాబట్టి డీఎన్ఏయే దిక్కు. శిలీంధ్రాల బార్‌కోడ్‌గా, అంటే జాతిని గుర్తుపట్టే డీఎన్ఏ ముక్కగా, 2012లో ప్రతిపాదించిన ఐటీఎస్ భాగాన్ని పీసీఆర్‌తో కాపీలు చేసి, జెల్ మీద దాని గీత (బ్యాండ్) వచ్చిందో చూసి, ఆపైన అక్షరాల వరస (సీక్వెన్స్) చదువుతాం.

జెల్ మీద బ్యాండే రాలేదు

ముందు మీ వేళ్లు చూసుకోండి. ముద్ద కోసినప్పుడు అంటిన మరక ఇంకా పోలేదు కదా? ఒకప్పుడు ఉన్నికి అద్దకం వేసిన రంగు అది. పీసీఆర్ ఎంజైమును అడ్డుకునేది అలాంటి రంగు పదార్థాలే. డీఎన్ఏ చాల్లేదనుకుని చాలామంది ఇంకాస్త పోస్తారు, దాంతో రంగూ పెరుగుతుంది. పదింతలు పల్చన చేసి పెట్టండి. అప్పటికీ రాకపోతే అడ్డుపడే పదార్థాల్ని పట్టేసే బీఎస్ఏ అనే ప్రోటీన్ కలపండి. పొడి రాలే ముదురు ముద్ద వద్దు, లేతది చాలు.

బ్యాండ్ బ్రహ్మాండం, సీక్వెన్స్ మాత్రం ట్రైకోడెర్మా

ట్రైకోడెర్మా అంటే ఒక బూజు. ఇది నాకే జరిగింది. ప్లాస్టిక్ కవర్లో కట్టి, ఎండలో బస్సెక్కి విజయవాడ చేరేసరికి ముద్ద చెమర్చి, తోలు మీద బూజు పట్టింది. పీసీఆర్ ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్ఏ ముక్కలైన ప్రైమర్లకి బూజైనా ఒకటే, ముద్దయినా ఒకటే. కాగితం సంచి వాడండి. కత్తి పెడితే పైనున్న బూజు లోపలికి దిగుతుంది, అందుకని చేత్తో విరవండి. మంటలో కాల్చి చల్లార్చిన ఫోర్సెప్స్‌తో నడిమి గుజ్జు మిరపగింజంత తీసి, తోటలోనే తేమ పీల్చే సిలికా జెల్‌లో వేసేయండి.

సగం దాకా శుభ్రంగా ఉండి, ఆపైన గజిబిజి

సీక్వెన్స్ మొదటి నుంచీ గజిబిజి అయితే కల్తీ అనుకోవచ్చు. మధ్యలో మొదలైతే తప్పు మీది కాకపోవచ్చు. ఈ శిలీంధ్రం కణంలో రెండు కేంద్రకాలుంటాయి. ఒకదాని ఐటీఎస్‌లో ఒక్క అక్షరం తక్కువైనా అక్కణ్నుంచి రెండు వరసలూ పొసగవు. ఐటీఎస్4 ప్రైమర్‌తో అవతలి కొస నుంచి చదివించి, రెండు ముక్కలూ కలపండి.

పోలిక 90 శాతం దగ్గర ఆగింది

డేటాబేసులోని సీక్వెన్సులతో మీది అంతే కలిసిందని, కొత్త జాతి అని గంతులేయకండి. ఒకప్పుడు దొరికినదానికల్లా పిసోలిథస్ టింక్టోరియస్ అని పేరు పెట్టేశారు. జామాయిల్ కింద పెరిగే ఆల్బస్, మార్మొరేటస్ వేరే జాతులు. అన్ని జీవుల సీక్వెన్సులుండే జెన్‌బ్యాంక్‌తో ఆగకుండా శిలీంధ్రాల డేటాబేసు యూనైట్‌లోనూ వెతకండి, ఎల్ఎస్‌యూ అనే మరో డీఎన్ఏ భాగం కూడా చదివించండి. ముద్ద కిందే ఉబ్బిన వేరుకొన ఒకటి తుంచి దాన్నీ పరీక్షకి పంపండి. రెండు ఐటీఎస్‌లూ కలిస్తే, ఆ వేరుతో పొత్తు పెట్టుకున్నదీ ఈ జాతేనని గట్టిగా అనుకోవచ్చు.