గట్టు మీది గాలం – 4వ పాఠం: విసిరే ముందు నీళ్ళు చూడండి

పోయిన పాఠంలో ముడులు వేశాం. కుర్చీ కాలికి గాలం తగిలించి దారం గట్టిగా లాగి చూడమన్నాను కదా. ముడి జారిందంటే బిగించే ముందు దారాన్ని తడపలేదన్నమాట. పొడిగా లాగితే నైలాన్ రాపిడికి వేడెక్కి ఆ ఒక్కచోటే బలం తగ్గిపోతుంది. ఇంకో పది ముడులు వేయండి. రేపు ఒడ్డున గాలిలో, తడి వేళ్ళతో, సగం చీకట్లో వేయాల్సింది ఈ ముడే.

ఈ పాఠానికి మాత్రం రాడ్ అక్కర్లేదు. ఇంట్లోనే పెట్టి రండి. కనీసం మొదటి రోజుకి.

ఇది చాలామందికి నచ్చదని తెలుసు. రాడ్ కొన్నది విసరడానికే కదా అంటారు. నేనూ అలాగే అనుకుని మొదటి ఏడాది విశాఖలో తెన్నేటి పార్కు కింద రాళ్ళకి ఎన్ని సీసపు బరువులు సమర్పించుకున్నానో లెక్కలేదు. ఎంత దూరం విసిరితే అంత పెద్ద చేప అని నమ్మేవాణ్ణి. నేను ఒళ్ళు విరుచుకుని వంద అడుగుల అవతల పడేసి కూర్చుంటే, పక్కనే ఓ కుర్రాడు రాడ్ కూడా లేకుండా, ప్లాస్టిక్ సీసాకి చుట్టుకున్న దారంతో, కాళ్ళ దగ్గరి రాతి సందులోకి ఎర జారవిడిచి చిన్న చిన్న పార చేపలు తీసి సంచిలో వేసుకునేవాడు. పడవ లేనివాడికి సముద్రంలో దక్కేది మొదటి ముప్పై నలభై అడుగులే. ఆ కాస్త నీళ్ళని బాగా తెలుసుకోవాలి, ఈ పాఠమంతా దానికోసమే.

పాఠానికి తెన్నేటి పార్కునే తీసుకుంటున్నాను. బీచ్ రోడ్డు మీద, కొండ వాలున ఉన్న పార్కు. పైన చెట్లు, బెంచీలు, ఐస్‌క్రీం బళ్ళు. కిందికి దిగితే రాళ్ళు, వాటి మధ్య ఇసుక. రాయీ ఇసుకా రెండూ ఒకేచోట ఉండటం నేర్చుకునేవాళ్ళకి కలిసొచ్చే విషయం. మీ ఊరు కాకినాడైనా, భీమిలైనా, చీరాలైనా సూత్రం ఇదే. రాళ్ళు లేని చోట రాళ్ళ గురించి చెప్పింది వదిలేయండి.

మొదటి రోజు: ఆటు వేళ

సముద్రం బాగా వెనక్కి తీసిన సమయం చూసుకుని వెళ్ళండి. మన తూర్పు తీరంలో రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు. ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందుకే ఈరోజు చూసిన పోటు రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. సమయాలు ఫోన్లో ఏ టైడ్ యాప్‌లోనైనా దొరుకుతాయి. ఎంత పోటు అన్నది గోడ మీది క్యాలెండర్ కూడా చెప్తుంది. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో విశాఖలో నీటి మట్టం మీటరున్నర దాకా ఎక్కి దిగుతుంది. అష్టమి ప్రాంతాల్లో అరమీటరు కాస్త అటూ ఇటూ, అంతే. గుజరాత్‌లో భావ్‌నగర్ వైపు పది మీటర్లు దాటుతుందని విన్నవాళ్ళకి మనది చప్పగా అనిపించవచ్చు. కానీ వాలు తక్కువున్న ఇసుక మీద మీటరు ఎత్తు అంటే నీటి అంచు ఇరవై మీటర్లు ముందుకో వెనక్కో జరగడం. ఉదయం మీరు పొడి రాయి మీద నిలబడిన చోట మధ్యాహ్నానికి చేపలు తిరుగుతాయి.

కాబట్టి ఆటు వేళ మీకు కనిపించేది సముద్రపు అడుగు. దాన్ని ఫోన్‌తో ఫోటోలు తీసుకోండి. పైనుంచి ఒకటి, కింది నుంచి నాలుగైదు. ఫోటోలో పోటుకి మునగని గుర్తు ఏదో ఒకటి ఉండాలి, పెద్ద బండో, మెట్లో, వెనక గోడో. లేకపోతే రేపు నీళ్ళు నిండాక ఏ సందు ఎక్కడుందో తెలియదు.

ఏం వెతకాలి? రెండు రాళ్ళ వరుసల మధ్య ఇసుక పరుచుకున్న సందులు. పోటెక్కేటప్పుడు చేపలు లోపలికి వచ్చే దారులు అవే. రాళ్ళకి అంటుకున్న నత్తలు, ఆల్చిప్పలు, పరుగెత్తే చిన్న పీతలు ఎక్కడ ఎక్కువగా ఉన్నాయో చూడండి. నీళ్ళు ఎక్కగానే చేపలు వచ్చేది ఆ తిండి కోసమే. ఇసుకలో గుంటలా లోతుగా ఉన్న చోట్లు గుర్తుపెట్టుకోండి. ఇంకొకటి, రాయిని చేత్తో తడిమి చూడండి. విశాఖ కొండలది ఖోండలైట్ రాయి, ఒడ్డున గాలికీ ఉప్పునీటికీ అరిగి అక్కడక్కడా రంపంలా గరుకెక్కి ఉంటుంది. బిగుతుగా ఉన్న దారం దీనికి ఒక్కసారి రాసుకుంటే చాలు. మీ గాలాన్ని చేపే తెంపిందని ఇంటికెళ్ళి చెప్పే కథల్లో సగం ఈ రాయి చేసిన పనే.

పాత దారపు ముక్కలు కనిపిస్తే ఏరి సంచిలో వేసుకోండి. చలికాలం నుంచి వేసవి దాకా ఈ ఒడ్డుకి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. కాళ్ళకి చుట్టుకుంటే వాటికి విడిపించుకునే దారి లేదు.

రెండో రోజు: ఇరవై నిమిషాలు

ఇప్పుడు రాడ్ తెచ్చుకోవచ్చు. పోటు పూర్తిగా నిండటానికి రెండు మూడు గంటల ముందు చేరుకోండి. తెల్లవారుజామునో పొద్దుగూకే వేళో పోటు కలిసివస్తే మరీ మంచిది. వెళ్ళగానే దారం విప్పకుండా పైనే కూర్చుని ఇరవై నిమిషాలు కెరటాలు చూడండి. ఇది జాగ్రత్త కోసం, చేప కోసం కూడా.

ముందు జాగ్రత్త సంగతి. కెరటాలన్నీ ఒకే ఎత్తులో రావు. చాలాసేపు చిన్నవి వచ్చాక కొన్ని పెద్దవి జట్టుగా వస్తాయి. ఐదు నిమిషాలు చూసి ఈ రాయి పొడిగానే ఉందిలే అని దిగినవాణ్ణి లాగేసేది ఆ జట్టే. ఇరవై నిమిషాల్లో ఒక్క కెరటమైనా తడిపిన రాయి మీద నిలబడొద్దు. నల్లగా, ఆకుపచ్చగా నాచు పట్టిన రాయి ఎండినట్టు కనిపించినా అసలొద్దు. అక్కడ నాచు ఉందంటే నీళ్ళు రోజూ అక్కడిదాకా వస్తున్నాయనే.

గాలి లేదు కదా, ఇవాళ సముద్రం నెమ్మదిగా ఉంటుందనుకోవడం ఇంకో పొరపాటు. ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో రేగిన తుపాను కెరటాలు రోజుల తరబడి ప్రయాణం చేసి, గాలి ఆడని రోజున మన ఒడ్డుకి చేరగలవు. కేరళ జాలరులు దాన్ని కల్లక్కడల్ అంటారు, అంటే దొంగ సముద్రం. హైదరాబాద్‌లో ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ కెరటాల ఎత్తు మీద ముందస్తు సూచనలూ హెచ్చరికలూ ఇస్తుంది. బయల్దేరే ముందు అది చూడండి. హెచ్చరిక ఉంటే ఆ రోజు పైన పార్కులో పల్లీలు తినండి. 2020 అక్టోబరులో వాయుగుండం వచ్చినప్పుడు బంగ్లాదేశ్ సరుకు ఓడ ‘ఎం.వి. మా’ లంగర్లు ఆగక కొట్టుకొచ్చి సరిగ్గా ఈ పార్కు కిందే ఒడ్డెక్కింది. ఓడనే తెచ్చి రాళ్ళ పక్కన కూర్చోబెట్టిన నీళ్ళు ఇవి. ఇక్కడ మనిషి బరువెంత?

ఇప్పుడు చేప సంగతి. కెరటం ఎక్కడ విరుగుతోందో చూడండి. నీటి లోతు కెరటం ఎత్తుకి ఒకటింబావు రెట్ల దాకా తగ్గినప్పుడు అది విరిగి తెల్లబడుతుంది. మీటరు ఎత్తు కెరటం ఫలానా చోట విరుగుతోందంటే అక్కడ లోతు మీటరుంబావు అని కొలిచి చెప్పినట్టే. ఒక వరుసలో తెల్లబడి, ఆ తర్వాత నురగ తగ్గి నల్లగా మారి, మళ్ళీ ఒడ్డు దగ్గర విరిగిందనుకోండి, ఆ నల్లటి పట్టీ లోతైన కాలువ. అలల తాకిడికి రేగిన పురుగూ పుట్రా అందులో పోగవుతాయి. చేపలు దాని వెంటే అటూ ఇటూ తిరుగుతాయి. చాలాసార్లు అది ఒడ్డు నుంచి ఇరవై ముప్పై అడుగుల్లోనే ఉంటుంది. నా వంద అడుగుల విసురు దాని నెత్తిమీదుగా వెళ్ళి అవతల పడేది!

రెండు తెల్లటి విరుగుళ్ళ మధ్య అలలు అసలు విరగని సన్నటి దారి, నురగ వెనక్కి సముద్రంలోకి పోతున్న దారి కనిపిస్తే అది లాగుడు ప్రవాహం. ఒడ్డుకి వచ్చిన నీళ్ళన్నీ తిరిగిపోయేది అందులోంచే. స్నానానికి దిగేవాళ్ళకి ఆ చోటు ప్రశాంతంగా కనిపిస్తుంది, ఆర్కే బీచ్‌లో ప్రాణాలు తీసేవాటిలో ఇదొకటి. గాలం వేసేవాడికి దాని అంచు మంచి చోటు. తిండి కొట్టుకుపోతుంటే చేప పక్కన కాపు కాస్తుంది. అంచున ఎర వేయండి, మీ కాళ్ళు మాత్రం గట్టు మీదే ఉండాలి. మోకాలి లోతుకి కూడా దిగొద్దు.

పోలరైజ్డ్ కళ్ళజోడు ఉంటే నీటి మీది మెరుపు తగ్గి ఇదంతా ఇంకా బాగా కనిపిస్తుంది. ఖరీదైనది అక్కర్లేదు.

ఇక విసరండి

నిన్నటి ఫోటో తెరిచి, ఏ సందు ఎక్కడో సరిచూసుకుని, ఇసుక ఉన్న సందులోకి మెల్లగా విసరండి. ముప్పై అడుగులు చాలు. రాతి మీద పడితే సీసం ఇరుక్కుంటుంది, ఇరుక్కోకుండా ఎవడూ నేర్చుకోలేదు. అందుకే బరువుని అసలు దారానికి నేరుగా కట్టొద్దు. మీది ఇరవై పౌండ్ల దారమైతే, బరువుని ఎనిమిది పౌండ్ల సన్న దారంతో జానెడు పొడవున విడిగా వేలాడదీయండి. రాయి పట్టుకుంటే ఆ సన్నదే తెగుతుంది, గాలం, ఎర, ఒక్కోసారి చేప కూడా వెనక్కి వస్తాయి. ఆ బరువుకి సీసమే కొనాలని లేదు. మెకానిక్ దగ్గర పారేసిన పాత స్పార్క్ ప్లగ్గులు అడిగితే ఇస్తాడు. తుప్పు పట్టిన నట్లయినా పర్లేదు. సీసం వాడితే తినే ముందు చేతులు కడుక్కోండి.

ఎరగా పచ్చి రొయ్య తోకైనా, కవళ్ళ చేప ముక్కైనా. ఎర గురించి వచ్చే పాఠంలో వివరంగా చెప్పుకుందాం, ఈలోపు ఐస్‌లో పెట్టి తేవడం మాత్రం మర్చిపోవద్దు. ఎండకి మెత్తబడిన రొయ్య మొదటి విసురుకే గాలం నుంచి ఊడిపోతుంది.

ఎర పడ్డాక రీలు రెండు చుట్లు తిప్పి వదులు తీసేయండి. రాడ్‌ని రాతికి ఆనించి ఫోన్ చూసుకుంటే ఈ పాఠం అంతా వృథా. చూపుడు వేలి మీద దారాన్ని ఆనించుకోండి. మొదట్లో అన్నీ చేపల్లాగే అనిపిస్తాయి. అల వచ్చిన ప్రతిసారీ దారం మెల్లగా బిగిసి మెల్లగా వదులవుతుంది, ఊయల ఊగినట్టు. చేప అలా చేయదు. టక్ టక్ అని రెండు సార్లు గిల్లి ఊరుకుంటుంది, లేదా దారం ఉన్నట్టుండి వదులై వేలాడుతుంది. ఈ రెండోది కొత్తవాళ్ళు పట్టించుకోరు. చేప ఎర నోట పెట్టుకుని మీ వైపే వస్తోందన్నమాట, వెంటనే చుట్టండి.

పడ్డాక రాళ్ళ మీదుగా బలంగా ఎత్తకండి, దారం తెగేది అక్కడే. డ్రాగ్ (రీలు బిగింపు) కాస్త వదిలి పెద్ద కెరటం కోసం ఆగండి. కెరటం ముందుకు వచ్చేటప్పుడు దాంతో పాటు చేపని జారనిచ్చి రాతి మీదికి తెచ్చుకోండి, వెనక్కి పోయేటప్పుడు లాగొద్దు.

చేప చూడగానే చేత్తో పట్టుకునే ఆత్రం అందరికీ ఉంటుంది. వర్షాలకి నీళ్ళు బురదగా ఉన్నప్పుడు జెల్ల చేప ఎక్కువగా పడుతుంది. దాని వీపు మీద ఒకటి, పక్కలకి రెండు ముళ్ళు ఉంటాయి, గుచ్చుకుంటే చెయ్యి మోకాలంత వాస్తుంది. పాత గుడ్డతో తల దగ్గర నొక్కిపట్టి ప్లయర్‌తో గాలం తీయండి. గుచ్చుకుంటే కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో చెయ్యి ఉంచితే నొప్పి తగ్గుతుంది, ముల్లు విరిగి లోపల ఉంటే డాక్టరు దగ్గరికే. బంతిలా పొట్ట ఉబ్బించుకునే చేప పడితే తిరిగి నీళ్ళలో వదిలేయండి. దాని విషం వండినా పోదు.

ఇంకో మాట. ఒడ్డున అలివి వల లాగుతున్నా, తెప్పలు దిగుతున్నా ఆ వైపు విసరొద్దు. మనకిది ఆదివారం సరదా, వాళ్ళకి పూట గడిచే పని. కాస్త అవతలికి జరిగి, వల ఒడ్డుకి చేరాక దగ్గరికెళ్ళి ఏమేం పడ్డాయో చూడండి. ఆ నెలలో ఒడ్డుకి ఏ చేప వస్తోందో అక్కడే తెలుస్తుంది. ఏ ఎర వాడాలన్న ప్రశ్నకి సగం జవాబు అందులోనే ఉంటుంది. అడిగితే చెప్తారు కూడా, అన్నా అని పిలిచి అడగండి.

ఇంటి పని

ఒకే చోటికి రెండు సార్లు వెళ్ళండి. ఒకటి అష్టమి దగ్గర, ఒకటి పౌర్ణమి లేదా అమావాస్య దాటిన మర్నాడు. రెండుసార్లూ ఒకే గుర్తు నుంచి నీటి అంచు ఎక్కడిదాకా వచ్చిందో అడుగులతో కొలిచి నోట్‌బుక్‌లో రాయండి. పక్కనే చేతి గీతతో రాళ్ళు, సందులు, నల్లటి పట్టీ గీయండి. బొమ్మ బాగా రాకపోయినా ఫర్వాలేదు. చేప పడితే ఏ గంటకి, పోటు ఎక్కుతుండగానా తీస్తుండగానా అన్నది కూడా. పడకపోతే అదీ రాయండి. ఆ నోట్‌బుక్ అయిదో పాఠానికి కావాలి, తడవకుండా కవర్లో పెట్టుకోండి.