చేప టాకో చెడిందా? ముందు నీటి సంగతి చూడండి

చేప టాకోకు పుట్టిల్లు మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా. అక్కడి ఎన్సెనాదా రేవులో బళ్ల మీద అమ్మే తిండి ఇది. పిండిలో ముంచి వేయించిన చేప ముక్క, సన్నగా తరిగిన క్యాబేజీ, తెల్లటి క్రీము, పైన పిండిన నిమ్మరసం, వీటన్నిటినీ మోసే అరచేయంత మొక్కజొన్న రొట్టె. ఆ రొట్టెను టోర్టియా అంటారు. బళ్ల మీద ఎక్కువగా టమాటా, ఉల్లి సల్సా, అంటే పచ్చి ముక్కలు తరిగి కలిపే పచ్చడి, దొరుకుతుంది. మామిడి, అనాస ముక్కలతో చేసే పండ్ల సల్సా ఇప్పుడు ఇళ్లలోనూ రెస్టారెంట్లలోనూ దీనికి తోడైంది.

చూడటానికి ఇంత తేలికైనది ఇంట్లో చేస్తే ఎందుకు చెడుతుంది? నేను చెడగొట్టిన టాకోలు తక్కువేమీ కావు. ప్రతిసారీ వెనక్కి వెళ్లి చూస్తే దాదాపుగా నీరే దొరికేది. పండు వదిలిన నీరు, చేపలో మిగిలిపోయిన నీరు, రొట్టెకు చాలని నీరు. కింది సమస్యల్లో మీది ఏదో చూసుకుని అక్కడి నుంచి చదవండి.

సల్సా గిన్నె అడుగున రసం నిలిచిపోతోంది

మాగాయ పెట్టే ఇంట్లో ఈ కారణాన్ని వేరే చెప్పనక్కర్లేదు. ముక్కల్లో ఉప్పు కలిపి ఉంచితే ఊట దిగుతుంది. మాగాయకు ఆ ఊట కావాలి, సల్సాకు అదే శత్రువు. ముక్కలు తరగగానే ఉప్పు, నిమ్మరసం కలిపి ఫ్రిజ్‌లో పెడితే గంటలో సల్సా కాస్తా పులుసవుతుంది.

అందుకని పండ్లు, ఉల్లిపాయ, కొత్తిమీర, మిరపకాయ అన్నీ తరిగి పొడిగానే ఉంచుకోండి. ఉప్పు, నిమ్మరసం వడ్డించే ముందు పది నిమిషాలకు కలిపితే చాలు. టమాటా, కీరా వేసేటట్లయితే లోపలి గింజల గుజ్జు తీసేయండి. ముక్కలు అర సెంటీమీటరుకు మించకూడదు, పెద్దవైతే టాకోలోంచి దొర్లిపోతాయి.

పండు ఎంపిక కూడా ఇక్కడే తేలుతుంది. చిన్న రసాలు, పెద్ద రసాలు పిండుకుని తాగడానికి పుట్టిన పండ్లు, వాటిని కత్తితో ముక్కలు చేయబోతే చేతికి పీచే మిగులుతుంది. వేలితో నొక్కితే ఇంకా కాస్త బిగువుగా ఉన్న బంగినపల్లి మంచిది. నన్నడిగితే సగం పండిన కలెక్టర్ కాయ అంతకన్నా మంచిది. పులుపు అందులోనే ఉంటుంది, ముక్క అంచు చెదరదు. మెక్సికోలో మనీలా మామిడి అనే రకం ఉంది. 1565 నుంచి 1815 వరకు ఫిలిప్పీన్స్‌లోని మనీలాకూ మెక్సికోలోని అకపుల్కోకూ మధ్య తిరిగిన స్పెయిన్ ఓడల కాలం నాటి పేరు అది. మామిడి మన వైపు నుంచి అటు వెళ్లింది, మిరప, మొక్కజొన్న, బొప్పాయి అటు నుంచి మనకు వచ్చాయి. ఎవరికెవరు బాకీ ఉన్నారో తేల్చడం కష్టం.

ఇప్పటికే రసం ఊరిపోయిందా? చిల్లుల గిన్నెలో అయిదు నిమిషాలు వడకట్టండి. దిగిన రసాన్ని పారబోయకండి, క్రీము పలుచన చేయడానికి నీళ్లకు బదులు అదే వాడవచ్చు.

సల్సా పండ్ల సలాడ్‌లా తియ్యగా ఉంది, లేదా నోరు మండిపోతోంది

మొదటిదానికి కారణం ఉప్పు చాలకపోవడమే. ఇంకో చిటికెడు వేసి రుచి చూసి, ఆ తర్వాతే నిమ్మరసం పెంచండి. రెండోది వంటకాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించడం వల్ల వస్తుంది. మెక్సికో వంటకాలు రాసేవాళ్లు రెండు హలపేన్యోలు అని రాస్తారు. అవి కండగల, మంట తక్కువ మిరపకాయలు. వాటి బదులు మన సన్న పచ్చిమిరపకాయలు రెండు గింజలతో సహా వేస్తే పండు రుచి మిగలదు. ఒకటి, అదీ గింజలు తీసి. ఉల్లి ఘాటు ఎక్కువనిపిస్తే తరిగిన ముక్కలను చన్నీళ్లలో పది నిమిషాలు ఉంచి పిండేయండి.

చేప మీది పూత ఊడిపోతోంది, మెత్తబడుతోంది, నూనె తాగుతోంది

ఇవి మూడు వేర్వేరు జబ్బులు. పూత ఎప్పుడు చెడిందో గమనిస్తే ఏ జబ్బో తెలిసిపోతుంది.

నూనెలో ఉండగానే పూత జారిపోతే చేప ముక్క తడిగా ఉందన్నమాట. గడ్డకట్టిన తిలాపియా, బాసా ముక్కల మీద మంచు పూత ఉంటుంది, కరిగితే అదంతా నీరే. రాత్రి ఫ్రిజ్ కింది అరలోకి మార్చి నెమ్మదిగా కరగనివ్వండి. తర్వాత పొడి గుడ్డతో అద్ది, మళ్లీ అద్ది, పొడి మైదాలో దొర్లించి దులపండి. అప్పుడే జారులో, అంటే పలుచగా కలిపిన పిండిలో, ముంచాలి. ఈ పొడి మైదాయే పూతను చేపకు అంటించే జిగురు. నేను చాలాకాలం ఈ మెట్టు దండగ అనుకుని వదిలేశాను, నూనెలో పూత ఒకవైపు, చేప ఒకవైపు తేలేవి.

నూనెలోంచి తీసినప్పుడు కరకరలాడి, పళ్లెంలోకి వచ్చేసరికి మెత్తబడితే తప్పు వేయించడంలో లేదు, తీసి పెట్టిన చోట ఉంది. వేడి ముక్కలను కాగితం మీద ఒకదానిపై ఒకటి పోగు పెడితే వాటి ఆవిరి వాటికే తగులుతుంది. కింద గాలి ఆడేలా జాలీ మీద విడివిడిగా పెట్టండి. మూత మాత్రం పెట్టకండి.

నూనె తాగితే నూనె చల్లగా ఉంది. 180 నుంచి 190 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. థర్మామీటరు లేకపోతే ఒక చుక్క జారు వేయండి. మునిగి వెంటనే పైకి తేలి బుసబుసలాడితే సరే, అడుగున కూర్చుంటే ఇంకా ఆగాలి. ఒక్కో వాయకు మూడు నాలుగు ముక్కలకు మించి వేస్తే నూనె వేడి పడిపోతుంది.

అర కిలో చేపకు జారు కొలత ఇది: మైదా ఒక కప్పు, బియ్యప్పిండి పావు కప్పు, బేకింగ్ పౌడర్ అర చెంచా, ఉప్పు, ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన సోడా ఒక కప్పు. బజ్జీల పిండికన్నా ఒకింత పలుచన. ఉండలు కొన్ని మిగిలినా ఫరవాలేదు, ఎక్కువ కలిపితే మైదా సాగి పూత తోలులా అవుతుంది. సోడా చల్లగా ఉండటం ముఖ్యం కాబట్టి నూనె కాగాకే జారు కలపండి. వేలెడు పొడవు, రెండు సెంటీమీటర్ల మందం ముక్కలు మూడు నాలుగు నిమిషాల్లో వేగుతాయి.

చేప నలిగి ముద్దవుతోంది

ఎక్కువగా దోషి పులుపు. నీచు పోవాలని నిమ్మరసం పట్టించి గంట వదిలేస్తే చేప పొయ్యి ఎక్కకముందే తెల్లబడి పొడిపొడి అవుతుంది. పావుగంట చాలు, ఆ తర్వాత కడిగి తుడిచేయండి. రెండో దోషి అనాస. ఉడకని అనాస రసంలో మాంసకృత్తులను విరగ్గొట్టే ఎంజైము ఉంటుంది, బొప్పాయికీ ఆ గుణం ఉంది. ఆ రసంలో చేపను నానబెట్టకూడదు. సల్సాగా తినేముందు పైన వేస్తే ఏమీ కాదు. అనాస ముక్కలను పెనం మీద మచ్చలు పడేదాకా కాల్చి వేస్తే ఆ ఎంజైము చచ్చిపోతుంది, రుచి కూడా ఒక మెట్టు ఎక్కుతుంది.

చేప ఎంపికలో ఒక్క మాట. శీలావతి, బొచ్చె పులుసుకు ఎంత బాగున్నా టాకోకు వద్దు, కండలో దాగిన సన్న ముళ్లు కొరికి తినే తిండిలో ప్రమాదం. వంజరం, పండుగప్ప ముల్లు తీయించి తెచ్చుకోండి. బాహా బళ్లలో చిన్న సొరచేపలను కూడా వాడతారు. సొరపుట్టు తిన్నవాళ్లకు ఆ కండ ఎలా ఉంటుందో తెలుసు.

నీచు వాసన

సముద్రపు చేప అయితే అది తాజాదనం పోయిన గుర్తు. నిమ్మరసం కొంత కప్పిపుచ్చుతుంది, పాతదాన్ని కొత్తది చేయలేదు. ఘాటుగా ఉంటే పారేయండి. చెరువు చేప అయితే అది మట్టి వాసన. పుల్లటి మజ్జిగలో పది నిమిషాలు ఉంచి కడిగితే చాలావరకు పోతుంది.

టోర్టియా మడతపెట్టగానే విరుగుతోంది

అసలు చిక్కు ఇక్కడే ఉంది, అదీ చాలాసార్లు దుకాణంలోనే మొదలవుతుంది. మన దుకాణాల్లో కార్న్‌ఫ్లోర్ పేరుతో దొరికేది తెల్లటి గంజిపొడి, సూపు చిక్కబడటానికి వాడేది. దానితో రొట్టె రాదు. పసుపుపచ్చటి మొక్కజొన్న పిండి వేరు, దానితో రొట్టె వస్తుంది గానీ చల్లారగానే పెళుసు. టోర్టియాకు కావలసింది మూడోది, మాసా పిండి. మొక్కజొన్న గింజలను సున్నపు నీటిలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, పొట్టు కడిగేసి రుబ్బుతారు. ఆ ముద్దే మాసా, దాన్ని ఆరబెట్టి పొడి చేస్తే పొట్లాల్లో దొరికే పిండి. తాంబూలంలో మనం రాసుకునే సున్నమే అక్కడ గింజ పొట్టును కరిగించి పిండికి జిగి ఇస్తుంది. గోధుమలోని సాగే గుణం మొక్కజొన్నకు లేదు కాబట్టి ఆ జిగి లేకుండా రొట్టె వంగదు.

రెండు కప్పుల మాసా పిండికి ఒకటిన్నర కప్పుల గోరువెచ్చని నీళ్లు పోసి, కలిపి, తడిగుడ్డ కప్పి అరగంట వదలండి. చిన్న ఉండను అరచేతిలో నొక్కి చూడండి. అంచులు పగిలితే చెంచాడు నీళ్లు చేర్చాలి, చేతికి అంటుకుంటే చిటికెడు పిండి. రెండు ప్లాస్టిక్ కాగితాల మధ్య పెట్టి చదునైన అడుగున్న గిన్నెతో అదమండి. బాగా కాగిన పెనం మీద రెండు వైపులా కాల్చి, వేడిగా ఉండగానే గుడ్డలో చుట్టి పది నిమిషాలు ఉంచండి. పూర్తిగా మెత్తబడేది గుడ్డలోనే, తన ఆవిరితో తనే. ఈ చుట్టిపెట్టడం మానేసి రొట్టెలను పళ్లెంలో పరిచి ఉంచేవాళ్లే పిండిని ఎక్కువగా తిడతారు.

కొన్న టోర్టియాలు అప్పటికే ఎండి ఉంటాయి. చేతివేళ్లు నీళ్లలో ముంచి రెండు వైపులా తడి చేసి, పెనం మీద అరనిమిషం చొప్పున కాల్చి, అలాగే గుడ్డలో చుట్టండి.

మాసా పిండి దొరకని చోట రెండు దారులున్నాయి. జొన్నరొట్టెకు చేసినట్లే మొక్కజొన్న పిండిని మరిగే నీళ్లతో కలిపి, మూడో వంతు మైదా చేర్చి చేస్తే వేడిగా ఉన్నంతసేపు వంగుతుంది. లేదంటే చిన్న చపాతీలు చేసేయండి. అదేమీ తప్పు కాదు, మెక్సికో ఉత్తరాన సొనోరా ప్రాంతంలో గోధుమ టోర్టియాలే ఇంటి అలవాటు.

అన్నీ బాగున్నాయి, చేతిలోకి తీసుకోగానే కూలిపోతోంది

పేర్చే వరుస తప్పింది. రొట్టె మీద ముందు సల్సా వేస్తే తడి నేరుగా రొట్టెకు చేరుతుంది. అడుగున క్యాబేజీ, దాని మీద చేప, క్రీము, చివరగా చెంచాడు సల్సా. క్రీము కోసం పెరుగును గుడ్డలో కట్టి గంట వేలాడదీసి, గుడ్డలో మిగిలినదానికి మయోనైజ్, నిమ్మరసం, ఉప్పు కలపండి. ఒక టాకోకు ఒక చేప ముక్క, అంతకు మించి ఆశ వద్దు. రొట్టె పలుచగా ఉంటే రెండు కలిపి వేయండి, మెక్సికోలోనూ అలా వేస్తారు.

అతిథులు వస్తున్నప్పుడు టాకోలు ముందే కట్టి పెట్టకండి. క్యాబేజీ, క్రీము, తరిగిన పండ్లు సిద్ధంగా ఉంటాయి, రొట్టెలు గుడ్డలో ఉంటాయి, అందరూ కూర్చున్నాక చేప వేయించండి. వేయించిన చేప మర్నాటికి ఎలాగూ పనికిరాదు. మిగిలిన సల్సాను మాత్రం పెరుగన్నంలో నంజుకుని చూడండి, మా ఇంట్లో అందుకోసమే ఒక మామిడికాయ ఎక్కువ తరుగుతున్నాము.